ప్రోగ్రామింగ్ భాషల్లో సంక్షిప్త ఆపాదన

కంప్యూటరు ప్రోగ్రాములో ఒక పేరు కింద ఒక విలువను నిలిపే వాక్యాన్ని ఆపాదన అనీ, ఆ పేరును చలరాశి అనీ అంటారు. చలరాశి పేరును రెండోసారి రాసే పని తప్పిస్తూ గానీ, రెండు మూడు పనులను ఒకే వాక్యంలో ఇమిడ్చి గానీ ఆపాదనను పొట్టిగా రాసే పద్ధతులన్నీ సంక్షిప్త ఆపాదన కిందికి వస్తాయి. ‘నిల్వ = నిల్వ + 10’ అనే చోట ‘నిల్వ += 10’ అని రాయడం, ఒకటి పెంచడానికి ‘లెక్క++’ అనడం, ‘అ = ఆ = 0’ అని గొలుసుగా విలువ ఇవ్వడం, ‘అ, ఆ = ఆ, అ’ అని రెండింటినీ ఒక్కసారే తారుమారు చేయడం, విలువ లేనప్పుడు మాత్రమే నింపే ‘??=’, షరతు మధ్యలోనే విలువ నిలిపే ‘:=’ ఇందులో ముఖ్యమైనవి. తరగతి గదుల్లో వీటిని ‘ప్లస్ ఈక్వల్స్’, ‘ఐ ప్లస్ ప్లస్’ అనే ఉచ్చారణతోనే పిలుస్తారు తప్ప వీటికి స్థిరపడిన తెలుగు పేర్లు లేవు.

టైపు చేయాల్సిన అక్షరాలను తగ్గించే గుణం అన్నిటికీ ఉన్నందువల్ల ఇవన్నీ ఒకే జాతివిగా కనిపిస్తాయి గానీ, కొన్నేళ్ల తరువాత ఆ ప్రోగ్రామును తెరిచి సవరించవలసిన మనిషి వైపు నుంచి చూస్తే రెండు జాతులుగా విడిపోతాయి. చెప్పిన పేరునే మళ్లీ చెప్పే అవసరాన్ని మాత్రమే తొలగించేవి ఒక జాతి. ఒక పనినో, పనులు జరిగే వరుసనో, ఒక షరతునో కంటికి కనబడకుండా దాచేవి రెండో జాతి. మొదటి జాతివి నిర్వహణకు తోడ్పడతాయి, రెండో జాతివి దాన్ని చెడగొడతాయి. చిక్కేమిటంటే, ఒకే చిహ్నం ఒక భాషలో మొదటి జాతికీ మరో భాషలో రెండో జాతికీ చెందవచ్చు.

సమానం కాని సమాన చిహ్నం

నల్గొండ జిల్లా పెద్దవూర వంటి ఊళ్లలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా గణితం చదివి ఇంజనీరింగుకు వచ్చిన విద్యార్థికి ‘నిల్వ = నిల్వ + 10’ అనే పంక్తి మొదట అసంబద్ధంగానే తోస్తుంది, ఎందుకంటే సమీకరణంగా చూస్తే దానికి సాధన లేదు. ఇక్కడి సమాన చిహ్నం రెండు పక్కలూ సమానమని చెప్పడం లేదు. కుడి పక్కన లెక్క కట్టి వచ్చిన ఫలితాన్ని ఎడమ పక్క పేరు కింద పెట్టమని ఆజ్ఞాపిస్తోంది. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ ఈ చిహ్నాన్ని ఇలా వాడుకలోకి తెచ్చింది. మరుసటి ఏడాది రూపొందిన ఆల్గాల్ 58 ఈ గందరగోళాన్ని గుర్తించి ఆపాదనకు ‘:=’ అనే వేరు గుర్తును పెట్టింది. పాస్కల్ ఆల్గాల్ దారిలో నడిచినా, సీ, దాని వెంట వచ్చిన జావా, జావాస్క్రిప్ట్, పైథాన్ ఫోర్ట్రాన్ గుర్తునే ఉంచుకున్నాయి.

పెద్దవూరకు పక్కనే ఉన్న నాగార్జునసాగర్ జలాశయపు రోజువారీ లెక్క ఈ తేడాను బాగా చూపుతుంది. 590 అడుగుల పూర్తి నీటిమట్టం గల ఆ జలాశయంలో నిన్నటి నిల్వకు వచ్చిన నీటిని కలిపి, కాలువలకూ విద్యుత్తుకూ వదిలినదాన్నీ ఆవిరైనదాన్నీ తీసివేస్తే నేటి నిల్వ తేలుతుంది. కాగితం మీద నిన్నటి నిల్వ ఒక పంక్తి, నేటి నిల్వ మరో పంక్తి కాబట్టి రెండూ కళ్లముందే ఉంటాయి. ప్రోగ్రాములో మాత్రం రెండింటికీ పేరు ఒక్కటే కనుక కొత్త విలువ రాగానే పాతది చెరిగిపోతుంది. ‘నిల్వ += రాక’ అన్న రూపానికి ఉన్న మంచి గుణం ఇక్కడే ఉంది: అది సమీకరణంలా కనిపించే భ్రమను తొలగించి, ఇది ఉన్నదాన్ని మార్చే పని అని ముందే ప్రకటిస్తుంది.

ఈ రూపం తెలుగు వాక్యానికి కూడా దగ్గరిది. ‘నిల్వకు పది కలుపు’ అనేటప్పుడు నిల్వ అనే మాట ఒక్కసారే వస్తుంది. నిల్వకు పది కలిపి ఆ వచ్చినదాన్ని మళ్లీ నిల్వ అనుకో అని ఎవరూ చెప్పరు. 1960లో నిర్వచితమైన కోబాల్ ‘యాడ్ 10 టు నిల్వ’ అనే క్రమంలో ఇదే పద్ధతిని వాక్యరూపంలో అందించింది. 1990ల చివర సంవత్సరాన్ని రెండంకెలతో రాసినందువల్ల తలెత్తిన సమస్యను సరిదిద్దడానికి తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన ప్రోగ్రామర్లలో చాలామంది ఎవరో దశాబ్దాల కిందట రాసిన కోబాల్ ప్రోగ్రాములను చదవవలసి వచ్చింది. ఆ భాష చాంతాడంత పొడవని ఎంత ఎగతాళి చేసినా, ఏ పంక్తి ఏ విలువను మారుస్తోందన్న విషయంలో అది పాఠకుణ్ని తికమక పెట్టదు.

పుట్టుక

చిహ్నరూపంలోని సంక్షిప్త ఆపాదన ఆల్గాల్ 68లో ‘+:=’గా కనిపిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1969 ప్రాంతంలో రూపొందించిన బీ భాషలో ఇది ‘=+’ అనే తలకిందుల రూపంలో ప్రవేశించగా, ‘++’, ‘--’ గుర్తులను థాంప్సనే కొత్తగా కల్పించాడు. పీడీపీ-11 యంత్రంలో చిరునామాను తనంత తానే పెంచుకునే సదుపాయం ఉన్నందువల్ల ఈ గుర్తులు పుట్టాయని పాఠ్యపుస్తకాల్లో తరచు కనిపించే మాట నిజం కాదు. బీ భాష తయారైన నాటికి ఆ యంత్రమే లేదని సీ భాష సృష్టికర్త డెన్నిస్ రిచీ 1993లో రాసిన చరిత్ర వ్యాసంలో స్పష్టం చేశాడు. అంతకుముందరి పీడీపీ-7లో అటువంటి జ్ఞాపకపు గదులు కొన్ని ఉండేవి గానీ, ‘++అ’ను యంత్రభాషలోకి మారిస్తే ‘అ = అ + 1’ కన్నా చిన్నగా వస్తుందన్న గమనికే అసలు ప్రేరణ అయి ఉంటుందని ఆయన అభిప్రాయం. కొన్ని వేల పదాల జ్ఞాపకం మాత్రమే ఉన్న యంత్రం మీద ఆ పొదుపు విలువైనదే. నేటి కంపైలర్లు రెండు రూపాలకూ ఒకే యంత్రాదేశాన్ని పుట్టిస్తాయి కాబట్టి ఆ కారణం ఇప్పుడు లేదు.

‘=+’ అన్న తొలి రూపం చదవడంలో ఎదురైన ఇబ్బందికి తొలి బలి కూడా అయింది. ‘బాకీ=-10’ అని ఖాళీలు లేకుండా రాస్తే బాకీని మైనస్ పదిగా పెట్టమన్నారో, ఉన్న బాకీలోంచి పది తీసేయమన్నారో మనిషికి తెలియదు. కంపైలరు మాత్రం రెండో అర్థమే తీసుకునేది. 1976లో గుర్తు వరుసను తిప్పి ‘+=’, ‘-=’గా మార్చడంతో ఆ తప్పు సరిపోయింది. 1978లో బ్రయన్ కెర్నిగన్, రిచీ కలిసి ప్రచురించిన సీ పుస్తకం ఈ రూపాన్ని సమర్థించేటప్పుడు యంత్రపు వేగం కన్నా చదువరి సౌకర్యాన్నే ఎక్కువగా ఎత్తిచూపింది: ఎడమ పక్కన పొడవాటి పదబంధం ఉన్నప్పుడు కుడి పక్కన ఉన్నది కూడా అదేనా అని అక్షరమక్షరం పోల్చుకునే శ్రమ తప్పుతుందన్నది దాని వాదం.

నిర్వహణ దృష్టితో ఈ వాదానికి ఇంకా బలం ఉంది. రైతుల ఖాతాల ప్రోగ్రాములో

ఖాతాలు[రైతు][సీజను] = ఖాతాలు[రైతు][సీజను] + చెల్లింపు

అన్న పంక్తిని పక్క అవసరానికి నకలు చేసి, ఎడమ పక్కన మాత్రమే ‘సీజను’ను ‘గతసీజను’గా మార్చి కుడి పక్కన మరిచిపోతే, యాసంగి లెక్క వానాకాలం లెక్కలో కలిసిపోతుంది. ఆ పంక్తిని భాష తప్పుపట్టదు, దాని ఫలితం కూడా చూడటానికి సబబైన సంఖ్యలాగే ఉంటుంది. ‘+=’ రాసిన చోట ఇలాంటి పొరపాటుకు అవకాశమే ఉండదు.

విప్పి రాసేటప్పుడు జారే అర్థం

‘+=’ను విప్పి రాయడం యాంత్రికమైన పని అనుకోవడం వల్ల వచ్చే పొరపాట్లు చాలా సామాన్యం. మిర్యాలగూడ రైసు మిల్లులకు వెళ్లే ధాన్యాన్ని తూకం వేసే కొనుగోలు కేంద్రానికి ప్రోగ్రాము రాస్తున్నారనుకుంటే, కాంటా మీది బరువులోంచి తాలునూ సంచి బరువునూ తీసేయడానికి

బరువు -= తాలు + సంచి

అని రాయవచ్చు. కుడి పక్కనున్నదంతా ఒక కుండలీకరణంలో ఉన్నట్టే లెక్క. 41.2 కిలోల బస్తాలో తాలు 0.6, సంచి 0.6 అయితే 40 కిలోలు మిగులుతాయి. దీన్ని తేటగా రాద్దామని ఎవరైనా ‘బరువు = బరువు - తాలు + సంచి’ అని విప్పితే సంచి బరువు తీసివేతకు బదులు కూడికలో పడి, ఫలితం మళ్లీ 41.2 వద్దే నిలుస్తుంది. తప్పు కంటబడదు, ఎందుకంటే రెండు సంఖ్యలూ బస్తా బరువులాగే ఉన్నాయి.

జావాలో ఈ రూపం మరో పనిని కూడా గుట్టుగా చేస్తుంది. పూర్ణాంకాలు మాత్రమే పట్టే చలరాశికి దశాంశ సంఖ్యను కలపబోతే ‘మొత్తం = మొత్తం + కూలి’ని జావా కంపైలరు నిరాకరిస్తుంది; ‘మొత్తం += కూలి’ని మాత్రం ఒప్పుకొని, ఫలితంలోని దశాంశ భాగాన్ని చడీచప్పుడు లేకుండా కోసేస్తుంది. హమాలీ కూలి 2.75 రూపాయల చొప్పున సున్నా నుంచి మూడుసార్లు కలిపితే రావలసినది 8.25, వచ్చేది వరుసగా 2, 4, 6. భాషా నిర్వచనంలోనే ఈ రకం మార్పిడి రాసి ఉంది కాబట్టి దీన్ని లోపమనలేము గానీ, కంపైలరు కాపలాను ఒక అక్షరపు పొదుపు కోసం తప్పించడం మంచి బేరం కాదు.

2000లో వచ్చిన పైథాన్ 2.0 ‘+=’ను చేర్చినప్పుడు సమస్య వేరే వైపు నుంచి వచ్చింది. పైథాన్‌లో జాబితాకు రెండు పేర్లు ఉండవచ్చు; ‘నేటి = నిన్నటి’ అంటే జాబితా నకలు తయారు కాదు, ఉన్న జాబితాకే ఇంకో పేరు పడుతుంది. ఆ తరువాత ‘నేటి = నేటి + కొత్తవి’ అంటే కొత్త జాబితా పుట్టి నిన్నటిది చెక్కుచెదరకుండా ఉంటుంది, ‘నేటి += కొత్తవి’ అంటే పాత జాబితాయే పెరిగి నిన్నటి పేర్లలోనూ కొత్తవి చేరిపోతాయి. సంఖ్యల విషయంలో రెండు రూపాలకూ తేడా ఉండదు కాబట్టి, సంఖ్యల మీద అలవాటైన చేయి జాబితాల మీద మోసపోతుంది. మార్చరాని వరుసలో ఉన్న జాబితా మీద ‘+=’ వాడితే ఇంకా విచిత్రంగా, పైథాన్ దోషమని ప్రకటిస్తూనే జాబితాను మార్చేసి ఉంటుంది.

పెంపు గుర్తు, పరీక్ష ప్రశ్న

సూర్యాపేట, కోదాడ పరిసరాల్లోని ఇంజనీరింగు కళాశాలల ల్యాబుల్లోనూ, హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ సీ నేర్చుకున్నవారికి ‘ఐ విలువ 5 అయితే ++ఐ + ++ఐ ఎంత?’ అన్న తరహా ప్రశ్న ఎదురుకాకుండా ఉండదు. ఈ ప్రశ్నకు సీ ప్రమాణం ప్రకారం జవాబు లేదు. ఒకే చలరాశిని ఒకే పదబంధంలో వరుస నిర్ణయం కాకుండా రెండుసార్లు మారిస్తే ఏమి జరగాలో ప్రమాణం చెప్పదు కాబట్టి, ఒక కంపైలరు 13 ఇచ్చినా మరొకటి 14 ఇచ్చినా రెండూ నిర్దోషులే. వరుసను ఎడమ నుంచి కుడికి కచ్చితంగా నిర్ణయించిన జావాలో మాత్రం జవాబు 13. సీకి తొలి ప్రమాణం 1989లో రాగా, మన ల్యాబుల్లో ఎంతోకాలం వాడుకలో ఉన్న టర్బో సీ తొలి రూపం 1987 నాటిది. ఆ కంపైలరు ఇచ్చే జవాబునే భాష ఇచ్చే జవాబుగా కంఠస్థం చేయించడం వల్ల, రాయకూడని వాక్యాన్ని విప్పగలగడమే నైపుణ్యమన్న భావన తరాల విద్యార్థుల్లో నాటుకుంది. వాడకూడదని చెప్పి వదిలేయవలసిన దానికి ఇంత బోధనాకాలం ఖర్చు కావడం విచారకరం.

ఒంటరిగా ఒక పంక్తిలో ఉన్న ‘లెక్క++’ వల్ల హాని లేదు. అది మరో పదబంధం లోపలికి దూరినప్పుడు విలువ ఇవ్వడమూ విలువ మార్చడమూ అన్న రెండు పనులు కలిసిపోతాయి, వాటిలో ఏది ముందన్నది గుర్తు ఎడమన ఉందా కుడిన ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. కార్ల వంటి యంత్రాల్లో నడిచే సీ ప్రోగ్రాముల కోసం ఏర్పరచిన మిస్రా నియమావళి ‘++’ను ఇతర గుర్తులతో కలపవద్దంటుంది, ఆపాదన ఫలితాన్ని మరో లెక్కలో వాడవద్దంటుంది. గో భాష ‘++’ను పదబంధంగా కాక విడి వాక్యంగా మాత్రమే అనుమతించి ప్రశ్నకే తావు లేకుండా చేసింది. స్విఫ్ట్ మొదట్లో ఉన్న ఈ గుర్తులను 2016లో మూడో సంచికతో పూర్తిగా తీసేసింది, రస్ట్ వాటిని మొదటి సంచికలో కూడా చేర్చలేదు. పైథాన్‌లో ఈ గుర్తు లేదు గానీ ‘++లెక్క’ అని రాస్తే దోషమూ రాదు. రెండు ధన చిహ్నాలుగా చదువుకొని, లెక్కను కదపకుండా ముందుకు సాగుతుంది.

షరతు లోపల ఆపాదన

ఆపాదనకు సొంత విలువ ఉండే భాషల్లో దాన్ని షరతు మధ్యలో పెట్టవచ్చు, అందువల్ల ‘==’ అని పోల్చవలసిన చోట ‘=’ పడితే షరతు కాస్తా మార్పు అయిపోతుంది. 2003 నవంబరులో లినక్స్ కెర్నల్ మూలాల నకలు భాండాగారం ఒకదానిలో ఎవరో ఇదే రూపాన్ని కావాలని ప్రవేశపెట్టారు. వాడుకరి గుర్తింపు సంఖ్య సున్నానా అని చూస్తున్నట్టు కనిపించే ఆ పంక్తిలో ఒక్క సమాన చిహ్నమే ఉండటం వల్ల, అది గుర్తింపు సంఖ్యను సున్నా చేసి, అంటే సర్వాధికారిని చేసి, వదిలేస్తుంది. ఆ మార్పు ప్రధాన భాండాగారపు నమోదుతో సరిపోలక పట్టుబడింది గానీ, చదివి పట్టుకోవడం ఎంత కష్టమో ఆ పంక్తిని చూసినవారికి తెలుస్తుంది.

ఈ ప్రమాదం వల్లనే పైథాన్ షరతుల్లో ‘=’ను మొదటి నుంచీ నిషేధించింది. తరువాత అవసరం గుర్తించి, 2019 అక్టోబరులో వచ్చిన 3.8 సంచికలో ‘:=’ను వేరు గుర్తుగా చేర్చింది. వాలుగా చూస్తే కోరలున్న వాల్రస్ జంతువు ముఖంలా ఉందని దానికి ఆ పేరే పడింది. ఈ చిన్న గుర్తు మీద సాగిన వాదోపవాదాలతో విసిగి భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో నిర్ణేత స్థానం నుంచి తప్పుకున్నాడు.

లేనప్పుడు నింపే గుర్తులు

పెర్ల్, రూబీ భాషల్లో చిరకాలంగా ఉండి, 2021 ప్రమాణంతో జావాస్క్రిప్ట్‌లోకి వచ్చిన ‘||=’ గుర్తు ఎడమ పక్క విలువ ‘అసత్యం’ అయితేనే కుడి పక్కదాన్ని నింపుతుంది. జావాస్క్రిప్ట్‌లో సున్నా కూడా అసత్యం కిందే లెక్క. తూకంలో తరుగు నమోదు చేయడం మరిచిపోతే కిలో చొప్పున తీయాలన్న ఉద్దేశంతో

తరుగు ||= 1

అని రాస్తే, నమోదు చేయని రైతుకూ, ధాన్యం శుభ్రంగా ఉందని చూసి తరుగు సున్నాగా నమోదు చేసిన రైతుకూ ఒకే కిలో కోత పడుతుంది. లేకపోవడమూ సున్నా కావడమూ ఒకటి కాదన్నది లెక్కలు రాసే ఏ గుమాస్తాకైనా తెలిసిన సంగతే. ఆ తేడాను ఈ గుర్తు మింగేస్తుంది. అదే పంక్తి రూబీలో సున్నాను సత్యంగానే చూస్తుంది కాబట్టి అక్కడ ఆ రైతుకు నష్టం లేదు. పెర్ల్ మాత్రం జావాస్క్రిప్ట్ వైపే ఉంటుంది. విలువ అసలు లేనప్పుడే నింపే ‘??=’ను జావాస్క్రిప్ట్ అదే 2021లో తెచ్చింది. సీ షార్ప్, పీహెచ్‌పీ అంతకు రెండేళ్ల ముందే దీన్ని చేర్చుకోగా, పెర్ల్ 2007 నుంచే ‘//=’ రూపంలో ఇచ్చింది. ఈ రెండు గుర్తుల మధ్య ఎంపిక శైలికి సంబంధించినది కాదు, లెక్క సరిగా రావడానికి సంబంధించినది.

ఒకేసారి రెండు కాంటాలు

ఒకే లెక్కను ఏకకాలంలో రెండు పనులు మార్చే ప్రోగ్రాముల్లో ‘బస్తాలు += 1’ ఒక్క అడుగులా కనిపించినా మామూలుగా మూడడుగులు: చదవడం, కలపడం, రాయడం. రెండు కాంటాల నుంచి ఒకేసారి కబురు వచ్చి, రెండూ 99 చదివి రెండూ 100 రాస్తే ఒక బస్తా లెక్కలో లేకుండా పోతుంది. జావాలో ‘వోలటైల్’ అని ప్రకటించినా ఈ లోపం తీరదు. 2011 నాటి సీ ప్రమాణంలో ‘అటామిక్’గా ప్రకటించిన చలరాశికి మాత్రం ‘+=’ విడదీయరాని ఒకే పని అవుతుంది. చదవడానికి సులువుగా ఉంటుందని దాన్ని ‘బస్తాలు = బస్తాలు + 1’గా విప్పితే మళ్లీ రెండు విడి పనులై, తప్పు తిరిగి వస్తుంది.

తెలుగు పేర్లు

పైథాన్ మూడో సంచిక 2008 నుంచీ, జావా, జావాస్క్రిప్ట్ అంతకుముందు నుంచీ యూనికోడ్ పేర్లను ఒప్పుకుంటున్నందువల్ల, ఈ వ్యాసంలోని నిల్వ, తరుగు వంటి పేర్లు నిజంగానే నడిచే పేర్లు. అయితే పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలవకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు చేర్చే కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది. పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. దాని వల్ల ‘స్టాక్’ అన్న పేరు చివర ఆ గుర్తు ఉన్నదీ లేనిదీ తెర మీద ఒకేలా కనిపిస్తూ జావాస్క్రిప్ట్‌కు రెండు వేరు చలరాశులవుతాయి. గుర్తున్న పేరును ఎడమన, గుర్తు లేని పేరును కుడిన ఉంచి ‘స్టాక్‌ = స్టాక్ + 10’ అని రాస్తే, కఠిన విధానం పెట్టని ప్రోగ్రాములో కొత్త చలరాశి ఒకటి పుట్టి అసలు స్టాకు ఉన్నచోటే ఉండిపోతుంది. అదే పొరపాటు ‘స్టాక్‌ += 10’లో జరిగితే, విలువ మార్చే ముందు దాన్ని చదవవలసి ఉండటం వల్ల, అటువంటి పేరు లేదని ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది.